నేను కదిలేదాకా కదలని ఆట

మా ఆయన మస్కట్‌లో చచ్చిపోయినప్పుడల్లా నాకు వాట్సాప్‌లో ఫోటో వచ్చేది. తెర మీద బోర్లా పడిన ఒక చిన్న మనిషి బొమ్మ, దాని కింద అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక గుర్తు, ఆ కింద ఆయన టైపు చేసిన రెండే మాటలు: "సచ్చిన. రా." నేను బడిలో ఉంటే సాయంత్రం దాకా ఆయన అట్లా చచ్చే ఉండేవాడు. కోరుట్లలో ఇంటికి చేరి, చాయ్ తాగి, తీగ మీది బట్టలు తీసి మడతపెట్టి, అప్పుడు తీరికగా పోయి బతికించి వచ్చేదాన్ని.

ఇది ఒక జపాన్ వీడియో గేమ్ సంగతి. టీవీకి వైర్లు తగిలించి ఆడుకునే పెట్టెల కాలంలో మొదలై, అరచేతిలో ఇమిడే తెరల దాకా భాగాలు భాగాలుగా వస్తూనే ఉన్న ఆట. ప్రతి భాగంలోనూ కథ ఒకటే. ఒక బాటసారి, ఒక పాతాళ గుహ. గుహలో కిందికి కిందికి అంతస్తులు. దిగిన ప్రతిసారీ గదులూ దారులూ మారిపోతాయి. నిన్న మెట్లున్న చోట ఇవాళ గోడ ఉంటుంది. రాక్షసి చేతిలో చచ్చామంటే సంపాదించిన కత్తి, డాలు, మూటా ముల్లె అన్నీ పోయి మళ్ళీ ఊరి మొగదల ఒట్టి చేతులతో నిలబడాలి. ఎంత దూరం పోయొచ్చినా మిగిలేది బుర్రలో ఉన్న అనుభవమే. గల్ఫ్ పోయొచ్చినవాళ్ళకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇంత కఠినమైన ఆటలో రెండు దయలున్నాయి. ఒకటి, ఇందులో ఎవరి వంతు వాళ్ళది. మనం ఒక అడుగు వేస్తే గుహలోని రాక్షసులన్నీ ఒక్కొక్క అడుగు వేస్తాయి. మనం ఆగితే అవీ ఆగుతాయి. ఎదురుగా కోరలు తెరుచుకొని నిలబడ్డదాన్ని అట్లాగే వదిలేసి పోయి పప్పు తాలింపు పెట్టి రావచ్చు. అది మన కోసం మర్యాదగా నోరు తెరుచుకొనే ఉంటుంది. రెండోది, చచ్చినవాడు ఒప్పుకుంటే ఇంకొకరు వచ్చి కాపాడవచ్చు. పడిపోయినవాడు తన గుర్తును స్నేహితుడికి పంపుతాడు. ఆ స్నేహితుడు అదే గుహలో మొదటి మెట్టు నుంచి దిగి, తన ప్రాణం కాపాడుకుంటూ, ఆ అంతస్తు దాకా పోవాలి. చేరగలిగితే పడ్డవాడు లేస్తాడు, మూటతో సహా. అంతవరకు వాడు అక్కడే పడి ఉంటాడు, ఎదురుచూస్తూ.

ఆయనకు ఈ ఆట అంటించింది గదిలో తోడున్న ఒక ఫిలిప్పీన్స్ మనిషి. మా ఆయన ఏసీలు బిగించే కంపెనీలో పనికి పోయాడు. క్యాంపులో శుక్రవారం సెలవు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రం. ఆట మాత్రం వచ్చింది. ఆ మనిషి వాళ్ళ దేశం పోతూ అరచేతిలో పట్టే తన ఆట పెట్టెను మా ఆయనకు ఇచ్చి పోయాడు. ఆ తర్వాత ఛుట్టీకి వచ్చినప్పుడు మా ఆయన నా కోసం ఇంకొక పెట్టె, ఎవరో వాడిందే, కొనుక్కొచ్చాడు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ సూట్‌కేసు తెరవడమంటే మా వైపు చిన్న శుభకార్యం. చుట్టాలు చుట్టూ కూర్చుంటారు. ఆ రోజు కూడా దుప్పట్లు, సెంటు సీసాలు, సబ్బులు ఎవరివి వాళ్ళ ఒళ్ళోకి చేరాయి. అడుగున మిగిలినదాన్ని అత్తమ్మ తీసి అటూ ఇటూ తిప్పింది.

"గిదేందిరా, టీవీ రిమోటా?"

"కాదే అమ్మా, ఆట. నీ కోడలికి."

"గంత పెద్ద మనిషికి ఆటేంది?"

"ఖాళీగుంటే నన్ను తిట్టుకుంటది గదా. గిది ఆడుకుంట ఉంటదని."

"మంచిదే," అంది అత్తమ్మ. "మరి నన్ను తిట్టకుంట ఉండెటందుకు ఏం తెచ్చినవ్?"

నాకు ఆట రావడానికి చాలా కాలం పట్టింది. మొదటి రోజు నేను ఆకలితో చచ్చాను. గుహలో నడిచేకొద్దీ ఆకలవుతుంది. అందుకని జపాన్ బాటసారి కూడా మన లెక్కనే సద్ది మూట కట్టుకొని పోతాడు, అన్నం ముద్దలు. నా మూటలో రెండు ముద్దలున్నాయి. ముందు ముందు అవసరమొస్తాయని వాటిని తినకుండా దాచి, నడిచి నడిచి పడిపోయాను. మా ఆయన నవ్వు ఆపుకోలేక పక్కింటి దాకా వినిపించేలా నవ్వాడు. "సద్ది పెట్టుకొని ఆకలితోని సచ్చినదాన్ని నిన్నే చూసిన," అన్నాడు. "తొందరెందుకే నీకు? నువ్వు కదిలితెనే అది కదుల్తది. దినమంత ఆలోచన చెయ్యి, ఎవ్వలేమనరు."

ఆయన తిరిగి మస్కట్ పోయాక నాకు అసలు చదువు మొదలైంది. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. పొద్దంతా పిల్లలకు సంధులు, సాయంత్రమైతే నాకు గుహలోని సందులు. సవర్ణదీర్ఘంలో తప్పు చేసిన పిల్లను మందలించి ఇంటికొచ్చి, రెండో అంతస్తులోనే ఒక దోసకాయంత రాక్షసి చేతిలో చచ్చేదాన్ని. పేరుకు గృహిణిని, కొన్నాళ్ళకు గుహిణిని అయ్యాను. బిడ్డ హాస్టల్లో చదువుకుంటోంది. ఇంట్లో నేనూ అత్తమ్మే. ఆమె చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చేస్తూ ఉంటే, పక్కన గోడకు ఆనుకొని నేను చస్తూ ఉండేదాన్ని.

"మల్ల సచ్చినవా పిల్లా?"

"సచ్చిన అత్తమ్మా."

"ఎవడు సంపిండు?"

"తెల్వది. మూల మలుపుల కొట్టిండు."

"సరే ఇగ. సచ్చినదానివి సచ్చినట్టు లేచి బియ్యం కడుగు."

మా ఆయన నాకన్నా ఎప్పుడూ లోతుగా పోయేవాడు. "మా ఆయన ఇరవయ్యో అంతస్తులో ఉన్నాడు" అని బడిలో ఒకసారి నోరు జారితే, తోటి టీచరమ్మలు మస్కట్‌లో మేడ కొన్నాడేమో అనుకున్నారు. మా అంతస్తులు కిందికి కొలుస్తారని చెప్పడానికి నాకు మొహమాటమైంది. ఆయన పడిపోతే నేను దిగేదాన్ని. నేను పడితే ఆయన. నా గుర్తు పోగానే ఆయన బదులు పెట్టేవాడు: "వస్తున్న. కదలకు." చచ్చినదాన్ని ఎక్కడికి కదులుతాను?

చాలామందికి తెలియని ముచ్చట ఒకటి చెబుతాను. కాపాడేవాళ్ళు చివరికి ఆ గదిలోకి చేరినప్పుడు, తెర మీద పడిపోయిన బొమ్మ పక్కనే మన బొమ్మ నిలబడుతుంది. ఇంకొక మీట నొక్కితేనే పని పూర్తవుతుంది, ఆయన లేస్తాడు, నేను బయటికి వచ్చేస్తాను. నేను ఆ మీట వెంటనే నొక్కేదాన్ని కాదు. రాక్షసులన్నీ ఆగి ఉంటాయి. గదిలో ఆయన, నేను. కాసేపు చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఆయన కూడా అట్లాగే చేసేవాడట, చాలా రోజుల తర్వాత చెప్పాడు.

ఇక ఆట బయటి సంగతి.

మా అత్తగారింట్లో ఒక కట్టుబాటు ఉంది. గల్ఫ్‌లో ఉన్న మనిషిని "ఎప్పుడొస్తవ్" అని అడగకూడదు. తిన్నవా అని అడగవచ్చు, ఎండలెట్లున్నయ్ అని అడగవచ్చు, జ్వరం తగ్గిందా అని అడగవచ్చు. వచ్చే మాట వాళ్ళే చెప్పాలి. పెండ్లయిన కొత్తలో నేను ఫోన్‌లో ఒకసారి అడగబోతే అత్తమ్మ చేత్తో నా నోటికి అడ్డం పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది: "అడిగితే వానికి మనసు గుంజుతది బిడ్డా. మనసు గుంజినోడు నిచ్చెన మీద నిలవడడు." ఆయన పనంతా నిచ్చెన మీదే. నేను మళ్ళీ అడగలేదు.

సిరిసిల్లలో మా బాపు. మాది సాంచాల ఇల్లు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. ఇంటి వెనుక రేకుల షెడ్డులో బాపుకు రెండు సాంచాలు. నేను ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే చదువుకున్నాను. అందుకే నాకు ఇప్పటికీ గొంతు పెద్దది, బడిలో మైకు అక్కర్లేదు. మా ఇంట్లో పేక అంటే ముక్కలు కాదు, అడ్డం నూలు. అమ్మ పోయింది. నాకు అన్నదమ్ములు లేరు. బాపుకు మోకాళ్ళు పట్టేసి, ఒక సాంచె ముందు నిలబడితే రెండోదాని దాకా నడవడం కష్టమవుతున్న కాలమది.

మా ఆయన వాళ్ళది కూడా నేసే ఇల్లే, కోరుట్లలో. కానీ వాళ్ళ నాన్న కాలానికే మగ్గం మూలకు పడింది, మగవాళ్ళు విమానమెక్కారు. ఛుట్టీకి వచ్చినప్పుడల్లా మా ఆయన సిరిసిల్ల షెడ్డులో చాలాసేపు నిలబడేవాడు. అడిగితే, "ఏసీల సప్పుడు కన్న గీ సప్పుడు మంచిగున్నది," అనేవాడు. అంతకు మించి అనేవాడు కాదు. ఆయన కంపెనీ వదిలి వచ్చి ఆ రెండు సాంచాలు నడుపుకుంటే, కోరుట్ల నుంచి మేము సిరిసిల్లకు మారితే, అత్తమ్మ బీడీల చాటతో సహా మాతో వస్తే, అన్నీ సరిపోతాయని నాకు తెలుసు. ఆయనకు తెలుసని తెలుసు. బాపుకూ తెలుసని ఇప్పుడు తెలుసు. నోరు తెరిచి చెప్పే పని ఒక్కటే మిగిలింది.

ఒక శుక్రవారం సాయంత్రం ఆయన ఫోన్ చేసి, ఆటలో ఎంత లోతుకు దిగాడో చెప్పి, గుహలో దొరికిన కుండలో ఏమేం దాచాడో చెప్పి, చివర్లో అన్నాడు.

"అగ్రిమెంటు అయిపోవస్తున్నది. మల్ల సంతకం పెడతవా, ఇంటికి పోతవా అని అడుగుతున్నరు."

"మరి?"

"నువ్వేమంటవ్?"

పక్కన అత్తమ్మ బీడీకి దారం చుడుతూ ఉంది. ఆమె చెయ్యి ఆగింది.

"నాదేమున్నదయ్యా. నీ ఇష్టం," అన్నాను.

"నా ఇష్టమేముంటది," అన్నాడు ఆయన. "సూద్దాం."

వ్యాకరణం చెప్పేదాన్ని కాబట్టి చెబుతున్నాను, 'నీ ఇష్టం' అనే మాటకు నిఘంటువులో ఉన్న అర్థం మా ఇళ్ళలో లేదు. వంతు నీది అని మర్యాదగా పక్కకు జరపడం, అంతే. ఆయన దాన్ని మళ్ళీ నా వైపే జరిపాడు. నేను ఆలోచించుకోవచ్చు అనుకున్నాను. తొందరేముంది, నేను కదలందే ఏదీ కదలదు.

తెల్లవారి ఆయన చచ్చిపోయాడు. అంతకు ముందెన్నడూ పోనంత లోతులో. "సచ్చిన. రా. మూట నిండ ఉన్నది." నేను బడి నుంచి వచ్చి దిగడం మొదలుపెట్టాను. మూడో అంతస్తులోనే నా బొమ్మ పోయి గోడకు గుద్దుకోవడం మొదలైంది. నేనేమీ నొక్కడం లేదు. దానంతట అదే ఎడమకు నడుస్తోంది. నడిచినప్పుడల్లా రాక్షసులకు ఒక వంతు ఊరికే పోతోంది. నేను నిలబడి ఆలోచించుకునేదాన్ని, ఆట నన్ను నిలబడనివ్వడం లేదు. అట్లా నడుచుకుంటూ పోయి చచ్చాను. మళ్ళీ దిగాను, మళ్ళీ అంతే.

బడికి సెలవు పెట్టి జగిత్యాలకు బస్సెక్కాను. కొత్త బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణంలో ఒకాయన కంటికి భూతద్దం పెట్టుకొని కూర్చున్నాడు. నా పెట్టె చూసి, "మేడమ్, బాబుదా?" అన్నాడు.

"నాదే."

"ఓ. ఏమైంది దీనికి?"

"నిలవడుమంటే నిలవడుత లేదు. దానంతటదే నడుస్తున్నది."

"ఎటుదిక్కు?"

"గోడ దిక్కు."

ఆయన నవ్వకుండా తల ఊపాడు. మంచి డాక్టరు లక్షణం. బొమ్మను నడిపే పుల్ల విప్పి, లోపల దుమ్ము తుడిచి, చిన్న భాగం ఏదో మారుస్తానన్నాడు. స్టూలు మీద కూర్చొని ఉండగా బాపు ఫోన్ వచ్చింది.

"బిడ్డా, యాడున్నవ్?"

"జగిత్యాల వచ్చిన బాపు. జర పనుండె."

"పాత ఇనుమాయన వచ్చిండు. సాంచాలు చూసి పోతున్నడు." వెనుక ఎవరో దగ్గుతున్న శబ్దం. "అల్లుడు ఏమన్న అన్నడా?"

"దేని గురించి?"

"ఏం లే. ఊర్కనే. ఎప్పుడన్న మాట్లాడితే, ఏమన్న అంటడేమోనని."

"ఏమనలే బాపు. నువ్వేమంటవ్?"

"నాదేమున్నది. మీరు మంచిగుంటే సాలు. ఇనుమాయన మల్ల వస్త అన్నడు."

"జర ఆగుమను బాపు."

"ఆగుమంట తియ్."

అప్పుడే, ఆ స్టూలు మీది నుంచే, మస్కట్‌కు ఫోన్ కలిపి రెండు మాటలు చెప్పేస్తే అయిపోయేది. 'బాపు సాంచాలు అమ్ముతున్నడు. వచ్చెయ్.' ఎంతసేపు? భూతద్దం మనిషి మర బిగించేలోపు అయిపోయేది. కానీ అడగకూడనిది అడిగినట్టవుతుందని, ఆయన నిచ్చెన మీద ఉంటాడని, పైగా నా పుట్టింటి పని కోసం మొగుణ్ణి గుంజుకొస్తున్నట్టు ఉంటుందని, ముందు ఆయన్ని కాపాడితే సంతోషంగా ఉన్నప్పుడు ఆయనే ఆ మాట తెస్తాడని, ఇట్లా చాలా అనుకున్నాను. బాగైన పెట్టెను సంచిలో వేసుకొని బస్సెక్కి, దారి పొడుగునా గుహ దిగాను. ముత్యంపేట ఫ్యాక్టరీలో చెరుకు పని చేసి మానుకున్న ఒక పెద్దాయన పక్క సీట్లో కూర్చొని, మెట్‌పల్లి పోవాలట, కోరుట్ల దాకా నా తెరనే చూశాడు. "గా కుండ తీసుకో అమ్మా, పనికొస్తది," అని సలహా కూడా ఇచ్చాడు. తీసుకున్నాను. పనికొచ్చింది.

ఆ వారమంతా నేను మా ఆయనను కాపాడుతూనే ఉన్నాను. అంత బాగా నేనెప్పుడూ ఆడలేదు. అన్నం ముద్దలు ఆకలి కాకముందే తిన్నాను. తెలియని మందు మొక్కలను ముందే విసిరి చూసుకున్నాను. ఆయన పడ్డ అంతస్తుకు పైన ఒక గదిలో అడుగు పెడితే, రాక్షసుల సంత. గది నిండా నిద్రపోతున్నవి ఒక్కసారిగా లేచాయి. నేను ఆగాను. అవీ ఆగాయి. పెట్టెను పక్కన పెట్టి బడికి పోయాను, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాను, అత్తమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. తిరిగొచ్చి చూస్తే అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు నాకు నా ఆలోచన మీద ఎంత నమ్మకం కలిగిందో చెప్పలేను. దారిలో దొరికిన ఒక మంత్రాల కాగితం చుట్ట చదివితే అన్నీ మళ్ళీ నిద్రపోయాయి. పిల్లిలా దాటుకొని, మెట్లు దిగి, ఆయన పక్కన నిలబడ్డాను.

అలవాటుగా కాసేపు చూసి, మీట నొక్కాను. లేచాడు. ఆయనకు ఫోటో పంపాను. వెంటనే బదులు వచ్చింది.

"నువ్వు లేకుంటె నేనెట్లనే."

దాని కిందే ఇంకొకటి.

"సంతకం పెట్టిన ఇయ్యాల. నువ్వేమన్న అంటవని చూసిన. వాళ్ళు అడుగుడు ఆపలే."

నేను బాగుంది అన్నట్టు బొటనవేలు బొమ్మ పెట్టాను. తెలుగులో ఎన్ని లక్షల మాటలున్నాయో పిల్లలకు చెప్పే మనిషిని, నాకు ఆ వేలు తప్ప ఏమీ దొరకలేదు. తర్వాత బాపుకు ఫోన్ చేశాను.

"సంతకం పెట్టిండట బాపు."

వెనుక సాంచె నడుస్తున్న చప్పుడు. "అట్లనా," అన్నాడు. "మంచిగైంది. పని ఉండుడు మంచిదే. ఇగ గాయనను ఆగుమనుడెందుకు."

సాంచాలను విప్పకుండా బయటికి తేవడం కుదరదట, గేటు చిన్నది. సుత్తులతో కొట్టి ముక్కలు చేసి ఆటోలో వేసుకుపోయారు. నేను పోలేదు. ఆ రోజు బడిలో తనిఖీ ఉంది అని చెప్పాను. తనిఖీ నిజంగానే ఉంది, కానీ లేకపోయినా పోయేదాన్ని కాదు.

ఆయన ఆ తర్వాతి ఛుట్టీకి వచ్చినప్పుడు, సూట్‌కేసు పండుగ అయిపోయాక, ఇద్దరం వరండాలో కూర్చొని ఎదురెదురుగా ఆడుకుంటున్నాం. ఆట కొత్త భాగం వచ్చింది, ఆయన తెచ్చాడు. తెర మీది నుంచి కళ్ళు తీయకుండా అన్నాడు.

"అప్పుడు నువ్వు వద్దంటవనుకున్న."

"దేనికి?"

"సంతకానికి. వద్దంటవనుకున్న. ఫోన్‌ల 'నీ ఇష్టం' అన్నవ్. నేను రావుడు నీకు ఇష్టం లేదేమో, బిడ్డ చదువుంది గదా అని."

"నేను నువ్వంటవనుకున్న."

"నేనెట్ల అంట? గవి మీ నాయన సాంచాలు. నాకియ్యి అని అడుగుతరా ఎవలన్న?"

బొమ్మలు రెండూ గుహలో నిలబడి ఉన్నాయి. అత్తమ్మ లోపలి నుంచి, "ఏమైంది, ఇద్దరు ఒక్కపారే సచ్చిండ్రా?" అని అడిగింది.

మరుసటి రోజు సిరిసిల్ల పోయాం. షెడ్డును బాపు వీర్నపల్లి నుంచి వచ్చిన ఒక టెంట్ హౌస్ మనిషికి అద్దెకిచ్చాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టి కప్పు దాకా ఉన్నాయి. నేల మీద సాంచాల కాళ్ళు దిగేసిన చోట గుంతలు అట్లాగే ఉన్నాయి, నూనె మరకలతో. బాపు మూడు కుర్చీలు దింపి, తువ్వాలతో దులిపి వేశాడు. పక్క షెడ్డువాళ్ళ సాంచాలు నడుస్తున్నాయి కాబట్టి మెల్లగా మాట్లాడుకునే వీలు లేదు. మా ఆయన గుంతల వైపు చూస్తూ, గొంతు పెంచి అడిగాడు.

"మామా, నన్నొక్క మాట అడుగొద్దా?"

"ఏం అడుగాలె?"

"వచ్చి నడుపుతవా అని."

బాపు తువ్వాలను మడిచి తొడ మీద పెట్టుకున్నాడు. "నాకు కొడుకులు లేరు. అల్లుణ్ణి పిలిస్తె ఇల్లరికం తెచ్చుకున్నరు అంటరు నలుగురు. నువ్వు సుత గట్లనే అనుకుంటవేమోనని. నీకు నామోషీ గాదా?"

"మస్కట్ల నేనున్నది ఇల్లరికం గాదా మామా? వాని ఇంట్ల పండి, వాడు పెట్టింది తిని, వాడు పొమ్మన్ననాడు పోవుడు."

బాపు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నువ్వు అడిగితే ఇత్తుమని చూసిన," అన్నాడు.

"నువ్వు పిలుస్తే వత్తుమని చూసిన."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరి నంబర్లూ ఉన్నది నా ఫోన్‌లోనే కదా. జగిత్యాల దుకాణంలో స్టూలు మీద కూర్చున్న నేను నాకు కనిపించాను. ఏదైనా చమత్కారం చెప్పి ఆ చూపులను తప్పించుకునే అలవాటు నాది. ఆ రోజు నేను కూడా ఆ గుంతల వైపే చూశాను.

"గసొంటియి ఇంకో రెండు దొరుకయా మామా?" అని అడిగాడు మా ఆయన.

"పాతయి తుక్కుకు పోయినయ్ అన్ని. కొత్తయి మనతోని గాదు. గిప్పుడు పని సుత పెద్ద సేట్ల దగ్గరనే." బాపు లేచాడు. "దా, పక్క షెడ్డు చూద్దువు. ఊర్కనే."

పక్క షెడ్డులో నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. నడిపించే ఆసామి బాపు కన్నా చిన్నవాడు, వరుసకు నన్ను అక్కా అంటాడు. గట్టిగా అరిచి పలకరించాడు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకొని చివరి సాంచె దగ్గర నిలబడ్డాడు, పెండ్లివారి సామాను చూసే మనిషిలాగా, ముట్టకుండా. అంతలో పడుగులో, నిలువు నూలులో, ఒక పోగు తెగింది. సాంచె ఆగిపోయింది. ఆసామి మూడో సాంచె దగ్గర నూలు కండె మార్చుతూ ఉన్నాడు. మా ఆయన వంగి, తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకొని, వేళ్ళతో ఒకసారి నలిపి, ముడి వేశాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న మగ్గం కింద కూర్చొని నేర్చుకున్న ముడి. ఇన్నేళ్ళు ఏసీ డక్టులు, మరలు పట్టుకున్న వేళ్ళు అవి. ఆసామి వచ్చి చూసి, మిగిలిన కొసను కత్తిరించి, మీట వేశాడు. సాంచె నడిచింది. ముడి అచ్చు పళ్ళ సందులోంచి తగలకుండా జారిపోయి గుడ్డలో కలిసింది.

"మంచి ముడి వేసిండు పెద్దనాయినా మీ అల్లుడు," అన్నాడు ఆసామి. "నాకు గీ పక్కకు మనిషి కావాలె. ఉంటడా?"

నేను బాపు ముఖం చూశాను. మా ఆయన కూడా చూశాడు, వంగినవాడు వంగినట్టే.

బాపు గొంతు సవరించుకున్నాడు. "లేదు బిడ్డా," అన్నాడు. అనేటప్పుడు ఆయన నడుము కొంచెం నిటారుగా అయింది, నలుగురిలో అల్లుడి గురించి చెప్పినప్పుడల్లా అయ్యేటట్టే. "ఆయనకు మస్కట్ల మంచి కంపెనీ. వచ్చే వారం పోతడు."

మా ఆయన మెల్లగా లేచి నిలబడి, వేళ్ళకు అంటిన నూలు పొట్టును లుంగీకి తుడుచుకున్నాడు.